శ్రీకాకుళంలో అద్దె ఫ్లాటు: సిబిల్ స్కోరు చూసి ఇల్లు లేదన్నారు

ఉద్దానం_తోట
జూన్ 9, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

మాది వజ్రపుకొత్తూరు మండలం. పైడిభీమవరంలో ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పని చేస్తున్నాను. జీతం చేతికి 31 వేలు వస్తుంది. మూడేళ్లుగా ఫ్యాక్టరీ దగ్గరే నలుగురం కలిసి ఒక గదిలో ఉంటున్నాం. భార్య, పాప ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉన్నారు. పాప ఈ ఏడు ఆరో తరగతికి వచ్చింది. శ్రీకాకుళంలో డబల్ బెడ్‌రూమ్ ఫ్లాటు తీసుకుని ముగ్గురం ఒకచోట ఉందామని ఏప్రిల్ నుంచి తిరుగుతున్నాను. కంపెనీ బస్సు టౌన్‌లోకి వస్తుంది కాబట్టి బలగ అయినా, గుజరాతీపేట అయినా, పీఎన్ కాలనీ అయినా పర్వాలేదు. 9 వేల దాకా ఇవ్వగలను.

గత నెల ఒకటి కుదిరింది. ఓనరు హైదరాబాద్‌లో ఉంటారు, ఇక్కడ ఆయన బావమరిది చూసుకుంటారు. మాట అయిపోయింది, వెయ్యి రూపాయలు టోకెన్ కూడా ఇచ్చాను. మర్నాడు ఓనరు ఫోన్ చేసి ఆధార్, పే స్లిప్పు, సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కట్టామో చెప్పే నంబరు) వాట్సాప్‌లో పెట్టమన్నారు. పెట్టాను. 581. సాయంత్రానికి "వేరేవాళ్లు వచ్చారండీ" అని కబురు. టోకెన్ వెనక్కి ఇచ్చేశారు. వారం తర్వాత అటు వెళ్తే టూలెట్ బోర్డు అలాగే వేలాడుతోంది.

స్కోరు ఎందుకు పడిందో చెప్తాను, దాచేదేం లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చి మా రెండెకరాల కొబ్బరి తోటని పడుకోబెట్టేసింది. నాన్న ఆ రోజు చెట్లు లెక్కపెట్టడానికి కూడా బయటికి రాలేదు. కొబ్బరి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. 2019లో చెల్లి పెళ్లికీ, ఇంటి కప్పుకీ కలిపి 3 లక్షలు పర్సనల్ లోను తీశాను. అప్పట్లో చెన్నైలో పని. 2020 మార్చిలో లాక్‌డౌన్, పని పోయింది. ఆగస్టు దాకా మారటోరియం, అంటే వాయిదాలు ఆపుకునే వీలు, వాడుకున్నాను గానీ వడ్డీ ఎక్కుతూనే ఉంది. తర్వాత ఈఎంఐలు కట్టలేకపోయాను. 2022లో బ్యాంకువాళ్లు కొంత తగ్గించి ఒకేసారి కట్టమంటే అమ్మ నగలు తాకట్టు పెట్టి కట్టేశాను. ఇక పీడ వదిలిందనుకున్నాను. సిబిల్ రిపోర్టులో "సెటిల్డ్" అని, అంటే పూర్తిగా కట్టలేదని, పడుతుందని నాకెవరూ చెప్పలేదు.

బ్యాంకు లోను ఇవ్వకపోతే అర్థం చేసుకుంటాను. అద్దె ఇల్లు కూడా ఇవ్వరా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఏం చేశారో చెప్పండి.

నాగావళి_గట్టు
జూన్ 9, రాత్రి 10:15

తమ్ముడూ, అడిగినదల్లా ఇచ్చెయ్యకు. నేను గుజరాతీపేటలో పదకొండేళ్లుగా అద్దెకే ఉంటున్నాను, మూడు ఇళ్లు మారాను. ఒక్కరూ సిబిల్ అడగలేదు. "మీరు ఎవరి తాలూకా?" అని అడిగారు, అంతే. ఊరూ, మనిషీ తెలిస్తే తాళం చేతిలో పెట్టారు. హైదరాబాద్‌లో ఉండే ఓనర్లని వదిలెయ్యి. కిందింట్లో ఓనరు ఉండే ఇల్లు చూసుకో.

పాత_లెడ్జరు
జూన్ 10, ఉదయం 6:30

బాబూ, నేను బ్యాంకులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. నీ పోస్టు రాత్రే చదివాను. ఉదయం కాఫీ తాగి తీరిగ్గా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో చాలామందికి పొరపాటు అభిప్రాయాలున్నాయి.

సిబిల్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. నువ్వు తీసుకున్న అప్పు సకాలంలో కట్టావా లేదా అన్నదే అది చెప్తుంది. అద్దె సరిగ్గా కట్టావా లేదా అన్నది మామూలుగా అందులోకి రాదు. మన ఓనర్లు ఎవరూ సిబిల్‌కి అద్దె లెక్కలు పంపరు కదా. కాబట్టి ఇల్లు ఇవ్వడానికి ఆ నంబరు సరైన కొలత కాదు.

రెండోది, ఇంటి ఓనరు తనంతట తాను నీ రిపోర్టు తీయలేడు. 2005లో వచ్చిన చట్టం ప్రకారం బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు, ఇంకా అనుమతి ఉన్న సంస్థలే వాటిని చూడగలవు. నువ్వు చేతిలో పెడితేనే ఓనరు చూడగలడు. ఇవ్వాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఇవ్వననుకుంటే మర్యాదగానే చెప్పు, "అది అప్పులకి సంబంధించిన కాగితం సార్, జీతం పడే బ్యాంక్ స్టేట్‌మెంట్ చూపిస్తాను" అని.

మూడోది ముఖ్యం. నువ్వు పెట్టింది స్కోరు ఒక్కటే, రిపోర్టు కాదు. ముందు పూర్తి రిపోర్టు తెప్పించుకో. మన దేశంలో సిబిల్ ఒక్కటే కాదు, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. నలుగురూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం. నీ రిపోర్టు నువ్వే చూసుకుంటే స్కోరు తగ్గదు, భయపడకు. అందులో ప్రతి లోను కింద గత 36 నెలల్లో ఏ నెల ఎన్ని రోజులు ఆలస్యమైందో గళ్లలో ఉంటుంది. నువ్వు కట్టేసిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తోందేమో, నీది కాని లోను నీ పేరు మీద ఉందేమో చూడు. మా బ్రాంచిలో ఒకే పేరు, ఒకే పుట్టిన తేదీ ఉన్న ఇద్దరి ఖాతాలు కలిసిపోయి ఒకాయన ఏడాది తిరిగాడు.

తప్పు ఉంటే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టు, డబ్బు కట్టక్కర్లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయల చొప్పున నీకు పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ 26 నుంచి ఈ నియమం ఉంది. అప్పటికీ కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు.

"సెటిల్డ్" గురించి సాయంత్రం రాస్తాను, మనవణ్ణి బడి దగ్గర దింపాలి.

బలగ_ఇంటాయన
జూన్ 10, ఉదయం 11:05

నేను ఇల్లు అద్దెకిచ్చేవాణ్ణి. మా వైపు మాట కూడా వినండి.

నేను రిటైర్డ్ టీచర్ని. పీఎఫ్ డబ్బులతో ఒక ఫ్లాటు కొన్నాను. దాని అద్దెతోనే నాకూ, మా ఆవిడకీ మందులు. రెండేళ్ల కిందట ఒకాయన చేరాడు. టై కట్టుకుని వచ్చాడు, ఇంగ్లిష్ బాగా మాట్లాడాడు. ఆరు నెలలు బాగానే కట్టాడు. తర్వాత "వచ్చే వారం మాస్టారూ" మొదలైంది. ఐదు నెలల అద్దె, మెయింటెనెన్స్, మూడు కరెంటు బిల్లులు బాకీ పెట్టి ఒక రాత్రి సామాను ఎక్కించుకుని వెళ్లిపోయాడు. నేను తీసుకున్న అడ్వాన్సు రెండు నెలలే. ఈ వయసులో కోర్టు మెట్లెక్కలేను. మా ఆవిడ ఆ ఏడాది కళ్ల ఆపరేషన్ వాయిదా వేసుకుంది.

అప్పుడు మా అబ్బాయి బెంగళూరు నుంచి "ఇకమీదట సిబిల్ అడగండి నాన్నా" అన్నాడు. అడుగుతున్నాను. ఇల్లు ఇచ్చాక మనిషిని లేపడం ఎంత కష్టమో పడినవాడికే తెలుస్తుంది. మీకు ఇల్లు లేదన్న ఆయన పేదవాణ్ణి చూసి కాదు బాబూ, భయంతో అని ఉంటాడు.

పాత_లెడ్జరు
జూన్ 10, మధ్యాహ్నం 12:20

మాస్టారూ, మీకు జరిగింది అన్యాయం. కానీ ఒక్కటి ఆలోచించండి. మీ ఇంట్లోంచి రాత్రికి రాత్రి పోయిన ఆయన కారు లోను, క్రెడిట్ కార్డు సరిగ్గా కడుతూ ఉంటే ఆయన స్కోరు ఈ రోజుకీ 780 ఉండొచ్చు. మీ ఐదు నెలల బాకీ ఆ రిపోర్టులో ఎక్కడా ఉండదు. రేపు ఆయన ఇంకో ఓనరు దగ్గరికి వెళ్లి అదే స్కోరు చూపిస్తాడు. ఈ కుర్రాడు అమ్మ నగలు తాకట్టు పెట్టి బ్యాంకుకి కట్టాడు, ఇతనికి 581.

బలగ_ఇంటాయన
జూన్ 10, మధ్యాహ్నం 1:10

ఈ కోణంలో నేను ఆలోచించలేదు. మరి ఏం చూడాలంటారు?

కంటోన్మెంట్_అక్క
జూన్ 10, మధ్యాహ్నం 2:45

మాస్టారూ, నేను చెప్తాను. మాది విజయనగరం. నా స్కోరు 540కి పడిపోయింది, నేను ఒక్క రూపాయి అప్పు తీసుకోకుండానే. మా మరిది ఆటో లోనుకి హామీ సంతకం పెట్టాను. అతను కట్టలేదు, నా పేరు పాడైంది. హామీ సంతకం పెడితే ఆ అప్పు మన రిపోర్టులో కూడా కనిపిస్తుందని ఆడవాళ్లకి ఎవరూ చెప్పరు. పొదుపు గ్రూపుల మైక్రోఫైనాన్సు అప్పులు కూడా రిపోర్టులోకి వెళ్తాయి. ఇది చదివే అక్కచెల్లెళ్లు గుర్తుపెట్టుకోండి.

ఇద్దరు మగపిల్లలతో ఒంటరిగా ఇల్లు వెతికాను. సిబిల్ కన్నా ముందు "మీవారు ఏం చేస్తారు?" అన్న ప్రశ్న. కంటోన్మెంట్, బాలాజీనగర్, తోటపాలెం, కాళ్లరిగేలా తిరిగాను. చివరికి ఇల్లు ఇచ్చిన పిన్నిగారు అడిగింది ఒకటే, "నీ పాత ఓనరు ఫోన్ నంబరు ఇయ్యమ్మా." ఆవిడ నా ముందే ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడిగారు. ప్రతినెలా ఏ తేదీకి ఇచ్చేది? గోడలు ఎలా ఉంచింది? గొడవలేమైనా వచ్చాయా? మళ్లీ ఇల్లు అడిగితే ఇస్తారా? అంతే, అయిపోయింది.

నేను కూడా ఆవిడ భయం తీర్చాను. అడ్వాన్సు రెండు నెలలు అడిగితే మూడు ఇస్తానన్నాను. కానీ ఒక షరతు పెట్టి అగ్రిమెంటులో రాయించాను. ఏడాదిపాటు ప్రతినెలా 5వ తేదీ లోపు అద్దె పడితే ఆ మూడో నెల అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలని. పన్నెండు నెలలు పడింది, ఆవిడ ఇచ్చేశారు. ఆ డబ్బుతో పెద్దాడికి సైకిల్ కొన్నాను.

ఉద్దానం_తోట
జూన్ 10, రాత్రి 10:40

షిఫ్టు దిగి ఇప్పుడే చూశాను. అక్కా, మాస్టారూ, అందరికీ దండాలు. బలగ మాస్టారూ, మీ ఆవిడగారి ఆపరేషన్ అయిందా?

నాకు ఒక ఇబ్బంది ఉంది. పాత ఓనరు అంటే ఎవరిని చూపించాలి? గది మా సూపర్‌వైజర్ పేరు మీద ఉంది. మేం ముగ్గురం అతనికి ఇస్తాం, అతను ఓనరుకి నగదు ఇస్తాడు. నా పేరు మీద అద్దె కట్టినట్టు ఒక్క కాగితం లేదు.

రింగ్‌రోడ్డు_రైడర్
జూన్ 10, రాత్రి 11:00

అన్నా, అడ్వాన్సు ఎక్కువ పెడితే ఎవరైనా ఇస్తారు. లోన్ యాప్‌లో 30 వేలు తీసి మూడు నెలల అడ్వాన్సు కొట్టెయ్. ఇంకోటి, ఇన్‌స్టాలో ఒకతను 6,500 ఇస్తే పదిహేను రోజుల్లో స్కోరు 750 చేస్తానంటున్నాడు. నేను కూడా ఆలోచిస్తున్నా.

పాత_లెడ్జరు
జూన్ 11, ఉదయం 6:20

రెండూ వద్దు. దండం పెట్టి చెప్తున్నాను, రెండూ వద్దు.

నిజంగా జరిగిన ఆలస్యాన్ని రిపోర్టులోంచి ఎవరూ చెరపలేరు. తప్పుగా పడినదాన్ని మాత్రమే సరిచేస్తారు, అది నువ్వే ఉచితంగా చేసుకోవచ్చు. 6,500 తీసుకున్నవాడు నీ పాన్ నంబరు, ఓటీపీ కూడా తీసుకుంటాడు. ఆ తర్వాత నీ పేరు మీద ఏం జరుగుతుందో నీకు తెలియదు.

యాప్‌లో అప్పు చేసి అడ్వాన్సు కట్టడమంటే పాత పుండు మీద కొత్త దెబ్బ. స్కోరు తక్కువున్నవాడికి సులువుగా అప్పిచ్చేవాడు వడ్డీలో అంతకంత లాగుతాడు. మొదటి నెల అద్దె, ఈఎంఐ ఒకేసారి మీద పడతాయి. ఇప్పటికే అలాంటి యాప్ ఉచ్చులో ఉండి, ఫోన్‌లో నంబర్లు తీసి చుట్టాలకి ఫోన్లు చేస్తూ బెదిరిస్తుంటే 1930కి ఫోన్ చెయ్యండి, సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి.

ఉద్దానం బాబూ, నీ కాగితం సంగతి. నువ్వు సూపర్‌వైజర్‌కి డబ్బు ఎలా ఇచ్చేవాడివి?

ఉద్దానం_తోట
జూన్ 11, ఉదయం 7:00

ఫోన్‌పేలో మాస్టారూ. ప్రతినెలా 2వ తేదీనో 3వ తేదీనో.

పాత_లెడ్జరు
జూన్ 11, ఉదయం 7:15

మరి కాగితం లేదంటావేం నాయనా! మూడేళ్ల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీయించు. ఆ వరసలన్నీ రంగు పెన్నుతో గీతలు గియ్యి. ముప్పై ఆరు నెలలు, ముప్పై ఆరు గీతలు. దానితోపాటు గది ఓనరు దగ్గర ఒక చిన్న ఉత్తరం రాయించుకో, ఫలానా తేదీ నుంచి ఉంటున్నాడు, బాకీ లేదు అని. సూపర్‌వైజర్ నంబరు కూడా ఇవ్వు. స్టేట్‌మెంట్‌లో అనవసరమైన లావాదేవీలు, ఆధార్‌లో మొదటి ఎనిమిది అంకెలు కప్పేసి ఇవ్వు.

ఇక "సెటిల్డ్" మాట. బ్యాంకు వదులుకున్న మొత్తం ఎంతో నీ సెటిల్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. నీకు వీలైనప్పుడు ఆ మిగిలింది కడతానని బ్యాంకుకి రాతపూర్వకంగా అడుగు. కట్టాక బాకీ లేదని సర్టిఫికెట్ తీసుకుని, ఖాతాని "క్లోజ్డ్" అని మార్చి పంపమని కోరు. పాత ఆలస్యాలు వెంటనే పోవు గానీ, తర్వాత అప్పు ఇచ్చేవాడు చూసే చూపు మారుతుంది. ఇప్పుడు ఇల్లు ముందు, ఇది తర్వాత. ఇల్లు కోసం దాచుకున్న డబ్బు ఇందులో పెట్టకు.

నాగావళి_గట్టు
జూన్ 11, ఉదయం 8:30

ఇంకో మాట. ఈ నెలాఖరుకి ఆషాఢం వస్తోంది. ఆషాఢంలో మనవాళ్లు ఇల్లు మారరు. ఖాళీ అయిన ఇల్లు శ్రావణం దాకా ఖాళీగానే ఉంటుంది, ఓనరుకి నెల అద్దె పోతుంది. ఆ నెలలో వెళ్లి మాట్లాడితే వింటారు, అద్దెలో కూడా ఐదొందలు దిగుతారు. అగ్రిమెంటు అప్పుడే రాసుకుని, శ్రావణంలో మంచిరోజు చూసుకుని పాలు పొంగించుకోవచ్చు. నేను రెండు ఇళ్లు అలాగే పట్టాను.

బలగ_ఇంటాయన
జూన్ 11, ఉదయం 10:00

మా ఆవిడకి ఆపరేషన్ అయింది బాబూ, ఇప్పుడు బాగానే చూస్తోంది. అడిగినందుకు సంతోషం.

ఒక సలహా, ఓనరుగా చెప్తున్నాను. స్కోరు సంగతి ఓనరు అడిగేదాకా ఆగకు. కూర్చోగానే నువ్వే చెప్పు. "తుఫానులో తోట పోయింది, లాక్‌డౌన్‌లో పని పోయింది, అప్పు తప్పింది, తర్వాత కట్టాను. ఇదిగో ఇప్పుడు నా జీతం, ఇదిగో నేను కట్టిన అద్దె" అని. నాకు ఎవరైనా అలా చెప్తే నమ్ముతాను. తర్వాత తెలిస్తే మాత్రం ఇంకేం దాచాడో అనుకుంటాను.

ఇంకో సంగతి, కొందరు ఓనర్లు సెక్యూరిటీగా సంతకం పెట్టిన ఖాళీ చెక్కు అడుగుతారు, ఇద్దామా అనుకుంటారు కొందరు.

కంటోన్మెంట్_అక్క
జూన్ 11, ఉదయం 10:25

ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకు తమ్ముడూ, ఓనరు ఎంత మంచివాడైనా. అంకె ఎంత రాసుకున్నా అది నీ సంతకం. బౌన్సయితే సెక్షన్ 138 కేసు నీ మీదికే వస్తుంది. తప్పదంటే మొత్తం, తేదీ, ఓనరు పేరు నువ్వే రాసి, రెండు గీతలు కొట్టి, చెక్కు నంబరు అగ్రిమెంటులో ఎక్కించు.

అగ్రిమెంటు మనవాళ్లు మామూలుగా పదకొండు నెలలకి రాస్తారు. పదకొండు నెలలదే అయినా ప్రతి మాటా చదువు. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, గోడలకి సున్నం వేయించడానికి ఎంత కోసుకుంటారు, నోటీసు ఒక నెలా రెండు నెలలా, మెయింటెనెన్స్ ఎవరిది, అన్నీ అందులో ఉండాలి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాసపు ఇళ్లకి అడ్వాన్సు రెండు నెలలు దాటకూడదని ఉంది. బేరం చేసేటప్పుడు ఆ మాట పనికొస్తుంది. చేరే రోజు మీటరు రీడింగు, గోడలు, కుళాయిలు ఫొటోలు తీసి ఓనరుకి వాట్సాప్ చెయ్యి.

రింగ్‌రోడ్డు_రైడర్
జూన్ 11, రాత్రి 8:00

ఇన్‌స్టా అతనికి డబ్బు పంపలేదు. నా రిపోర్టు ఉచితంగా తెప్పించుకున్నాను. రెండేళ్ల కిందట కట్టేసిన బండి లోను ఇంకా 1,800 బాకీ అని ఉంది. ఫిర్యాదు పెట్టాను. థాంక్స్ మాస్టారూ.

ఉద్దానం_తోట
జూలై 6, రాత్రి 10:20

ఆలస్యంగా రాస్తున్నాను, నైట్ షిఫ్టులు పడ్డాయి.

మీరు చెప్పినట్టే ఒక ఫైలు తయారు చేశాను. పే స్లిప్పులు ఆరు, గీతలు గీసిన స్టేట్‌మెంట్, గది ఓనరు ఉత్తరం, బ్యాంకు సెటిల్‌మెంట్ లెటర్. మొదటి ఇంట్లో చూపించకముందే వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు. రెండో ఇంటాయన అంతా విని, లోపలికి వెళ్లొచ్చి, కుదరదన్నారు. బస్సులో వస్తుంటే చాలా బాధేసింది. మా ఆవిడకి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియలేదు.

మూడోది అరసవల్లి రోడ్డులో. ఓనరమ్మ కిందింట్లో ఉంటారు. కూర్చోగానే స్కోరు సంగతి చెప్పేశాను. ఆవిడ ఫైలు తెరవలేదు. "తిత్లీలో పోయిందా నాయనా? మా పుట్టింటివాళ్లది పలాస పక్కన జీడితోట, అదీ పోయింది" అన్నారు. చాలాసేపు ఆ రోజు గురించే మాట్లాడుకున్నాం. తర్వాత ఫైలు తీసి ప్రతి కాగితం చదివారు, సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశారు. అద్దె 8,500, అడ్వాన్సు రెండు నెలలు. 5వ తేదీ దాటితే ముందే ఫోన్ చేసి చెప్పాలని ఆవిడ షరతు. ఆ మాట కూడా అగ్రిమెంటులో రాయించాను.

పాప ఊరి బడి నుంచి టీసీ తెచ్చుకోవాలి. శ్రావణం రాగానే చేరతాం.

బలగ_ఇంటాయన
జూలై 7, ఉదయం 6:50

చాలా సంతోషం బాబూ. మా ఫ్లాటుకి కూడా కొత్తవాళ్లు వచ్చారు. ఈసారి సిబిల్ అడగలేదు, పాత ఓనరుతో మాట్లాడాను.

ఉద్దానం_తోట
ఆగస్టు 3, ఉదయం 9:15

నిన్న పాలు పొంగించాం. అమ్మ, నాన్న కూడా వచ్చారు. నాన్న ఊరి నుంచి రెండు కొబ్బరి మొక్కలు తెచ్చి, ఓనరమ్మని అడిగి పెరట్లో ఒకటి నాటారు, రెండోది ఆవిడ పుట్టింటికి ఇచ్చారు.

పాత లెడ్జరు మాస్టారూ, బ్యాంకుకి ఉత్తరం పెట్టాను. వాళ్లు వదులుకున్నది 41 వేలట. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి కట్టొచ్చని మెయిల్ వచ్చింది. ఆ మెయిల్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను.